తక్కువ ధరకి వచ్చే ట్రీట్‌మెంట్ నీలాలు నగకి కొనొచ్చా?

బెజవాడ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా పెద్దమ్మాయి నిశ్చితార్థం. దానికి చిన్నప్పటి నుంచి నీలి రంగంటే ప్రాణం. వజ్రాలొద్దమ్మా, నీలాల సెట్టు చేయించు చాలు అంటోంది. ఒక లాకెట్, జత దిద్దులు, ఒక ఉంగరం. బంగారానికి ఇబ్బంది లేదు, మా అమ్మ ఇచ్చిన పాత గొలుసు ఉంది, అది కరిగించి చేయిస్తాను. రాళ్ళకి మాత్రం 40 వేలు దాటి పెట్టలేను.

పోయిన వారం ఇక్కడ ఒక ఎగ్జిబిషన్‌లో రాళ్ళ స్టాల్ అతను నాలుగు నీలాలు చూపించాడు. లాకెట్‌కి 5 క్యారెట్లది ఒకటి, ఉంగరానికి 3 క్యారెట్లది, దిద్దులకి మూడేసి క్యారెట్లవి రెండు. మొత్తం 14 క్యారెట్లు, 11 వేలకి ఇస్తానన్నాడు. ఇంత తక్కువేంటి బాబూ అంటే "ఒరిజినల్ నీలమే మేడమ్, ట్రీట్‌మెంట్ చేసిన రాయి కాబట్టి చవక" అన్నాడు. రంగు చూస్తే చూపు తిప్పుకోలేం, అంత బాగున్నాయి. మా పక్కింటావిడకి తెలిసినవాడే కాబట్టి 2 వేలు అడ్వాన్స్ తీసుకుని రాళ్ళు ఇంటికి పంపించాడు, నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి ఇవ్వచ్చని చీటీ మీద రాయించుకున్నాను కూడా.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, ట్రీట్‌మెంట్ అంటే అసలు ఏం చేస్తారు? రంగు వేస్తారా? పదేళ్ళకి వెలిసిపోతుందా? మా అమ్మాయి రోజూ పెట్టుకునే మనిషి, బీరువాలో దాచేది కాదు. నేను దానికి ఇచ్చేది దాని పిల్లలకి కూడా పోవాలని ఆశ. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, ఇంకా ఆరు రోజులే టైముంది.

బందరు కంసాలి

అమ్మా, ముందు ఒక్క మాట. మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు కానీ ఆ రాళ్ళు ఏంటో తేలేదాకా ఎవరికీ పొదగడానికి ఇవ్వకండి. నిమ్మకాయతో, చింతపండుతో కడగకండి. మంట దగ్గరికి అసలు పోనివ్వకండి.

ఎందుకు చెప్తున్నానంటే నాకు తగిలిన దెబ్బ ఇది. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని, ముప్పై ఏళ్ళు దాటింది చేస్తూ. ఎనిమిదేళ్ళ క్రితం ఒకావిడ కెంపు ఉంగరం తెచ్చింది, వేలికి బిగుతయింది, సైజు పెంచమని. మంచి పెద్ద కెంపు, గులాబీ ఎరుపు. కెంపు వేడికి ఓర్చుకుంటుంది అని మా నాన్న చెప్పిన ధైర్యంతో రాయి ఊడదీయకుండానే వెనకవైపు కోసి, ముక్క కలిపి అతుకు వేశాను. చల్లారాక చూస్తే గుండె ఆగినంత పనయింది. రాయి నిండా తెల్లటి గీతలు, పైన చిన్న చిన్న గుంటలు, ఒక పక్క లోపలి నుంచి ఏదో కారి పూసలా గడ్డకట్టింది. ఆవిడ నేను రాయి మార్చేశాను అనుకుంది. ఆవిడ తప్పు లేదు, ఆ రాయి కొన్నచోట ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను డబ్బు కట్టి పంపించాను కానీ ఆ మాట పడ్డ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత తెలిసినవాళ్ళకి చూపిస్తే, అది పగుళ్ళు నిండిన నాసిరకం కెంపు, ఆ పగుళ్ళలో సీసం కలిపిన గాజు కరిగించి నింపారు అన్నారు. గాజు నింపితే పగుళ్ళు కంటికి కనపడవు, రాయి తళతళలాడుతుంది. మంటకి ఆ గాజు కరిగిపోతుంది. అతుకు వేశాక నల్లదనం పోవడానికి మేం నగని పలచటి యాసిడ్‌లో వేస్తాం, ఆ యాసిడ్ కూడా గాజుని తినేస్తుంది. నిమ్మరసం చాలు కొన్ని గంటలు తగిలితే. పులిహోర కలిపే చేతికి అలాంటి ఉంగరం పెట్టుకుంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇప్పుడు నీలాల్లో కూడా అదే వచ్చింది, నీలి రంగు గాజు నింపుతున్నారు. 5 క్యారెట్లు, మంచి రంగు, క్యారెట్ ఎనిమిది వందల లోపు అంటే నాకు ముందు అనుమానం దాని మీదే.

ఇంకో సంగతి, ఇది మా పనివాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. ఏ కల్తీ లేని నీలం అయినా సరే, అతుకుకి వాడే వెలిగారం అంటుకుని ఉండగా మంట పెడితే పైన మెరుగు చెడుతుంది, రాయిని వెలిగారం కొరికేస్తుంది. కాబట్టి ఎప్పుడు మరమ్మతుకి ఇచ్చినా రాయి తీసి పని చేయమని చెప్పండి, కూలి కొంచెం ఎక్కువైనా పర్లేదు.

జైపూర్‌లో రాళ్ళ పని (తెనాలి)

అక్కా, నేను జైపూర్ జోహ్రీ బజార్‌లో పదకొండేళ్ళుగా రాళ్ళు ఏరే పనిలో ఉన్నాను, రోజూ నా చేతుల మీదుగా పోయేవి ఇవే. బాబాయి చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ట్రీట్‌మెంట్ అనగానే భయపడిపోవద్దు. ఆ ఒక్క మాట చాటున నాలుగు వేరువేరు సంగతులు దాక్కుని ఉన్నాయి, వాటిలో ఒకటి మీరు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మీ స్టాల్ అతను "ట్రీట్‌మెంట్" అన్నాడు కానీ ఏ ట్రీట్‌మెంటో చెప్పలేదు చూడండి, అసలు కిటుకంతా అక్కడే ఉంది.

మొదటిది ఒట్టి కాల్చడం, మా భాషలో హీటెడ్. నీలం, కెంపు, సాన పట్టడానికి వాడే కురువిందం, మూడూ ఒకే పదార్థం, అల్యూమినియం ఆక్సైడ్. దానిలో క్రోమియం కొద్దిగా కలిస్తే కెంపు, ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలం. శ్రీలంకలో గ్యూడ అని పాలలాంటి తెల్లటి మబ్బురాళ్ళు చాలా దొరికేవి, పనికిరావని పక్కన పడేసేవాళ్ళు. 1970ల్లో థాయిలాండ్ వాళ్ళు అవి కొనుక్కుపోయి కొలిమిలో 1600 నుంచి 1800 డిగ్రీల దాకా కాల్చితే నీలాలైపోయాయి. ఆ మబ్బుతనం అంతా లోపలున్న సన్నటి పోగులు, వాటిలో టైటానియం ఉంటుంది. వేడికి పోగులు కరిగి టైటానియం రాయిలో కలిసిపోతుంది, ముందే ఉన్న ఇనుముతో చేరి నీలం వస్తుంది. బయటి నుంచి ఏమీ కలపలేదు, రాయిలో ఉన్నదే రంగుగా మారింది. ఈ రంగు వెలవదు, కారదు, మీ మనవరాలి కాలానికీ అలాగే ఉంటుంది. ఇవాళ బజార్లో ఉన్న నీలాల్లో ఎక్కువ భాగం ఇలా కాల్చినవే, పెద్ద పెద్ద షోరూముల్లో కూడా. రాళ్ళు కాల్చడం కొత్త మోసమేం కాదు, పదకొండో శతాబ్దంలోనే అల్ బిరూనీ కెంపుల్ని కాల్చి బాగుచేయడం గురించి రాశాడు.

రెండోది డిఫ్యూజన్. పాలిపోయిన రాయిని సాన పట్టేసి, టైటానియం పొడిలో ముంచి కాలుస్తారు. రంగు పైపైన మాత్రమే ఎక్కుతుంది, అర మిల్లీమీటరు లోపే. వెలిసిపోదు, గట్టిదనమూ తగ్గదు, కానీ రేపు ఎప్పుడైనా గీత పడి మళ్ళీ మెరుగు పట్టిస్తే అక్కడ తెల్లగా బయటపడుతుంది. మూడోది బెరీలియం కలిపి కాల్చడం, ఇది 2001, 2002 ప్రాంతంలో థాయిలాండ్‌లోని చాంతాబురి నుంచి వచ్చింది. ఒక్కసారిగా నారింజ రంగు రాళ్ళు కుప్పలుగా వచ్చిపడేసరికి రాళ్ళు పరీక్షించే ల్యాబులన్నీ గాభరాపడ్డాయి. ఈ రంగు చాలా లోతుకి పోతుంది, ఒక్కోసారి రాయంతా పాకుతుంది, శాశ్వతం కూడా, కానీ లెన్స్‌తో పట్టుకోవడం మాలాంటి వాళ్ళ వల్ల కాదు, ఖరీదైన లేజర్ మెషిన్ కావాలి. నీలం రంగులో ఇది తక్కువ, కనకపుష్యరాగాల్లో, అంటే ఇదే పదార్థం పసుపు రంగులో ఉంటే, ఎక్కువ. చవకగా, నిమ్మపండు రంగులో మెరిసే పుష్యరాగం ఎవరైనా చూపిస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అసలు పుష్యరాగం పేరుతో మన దగ్గర టోపాజ్, సిట్రిన్ లాంటి వేరే రాళ్ళు కూడా అమ్మేస్తున్నారు, అది ఇంకో గొడవ.

నాలుగోది గాజు నింపడం, బాబాయి చెప్పిందే. నీలాలకి కోబాల్ట్ కలిపిన గాజు వాడతారు. నన్నడిగితే దాన్ని నీలం అని అమ్మడమే తప్పు. పగుళ్ళ రాయీ గాజూ కలిసిన ముద్ద అది, కొన్ని ల్యాబులు కాంపోజిట్ అనే రాస్తాయి. ఫ్యాన్సీ నగలో ఒక ఏడాది పెట్టుకుని పక్కన పడేసేవాళ్ళకి పర్వాలేదేమో. మీరు అమ్మ బంగారం కరిగించి చేయిస్తున్నారు, దానిలో ఇది పెట్టకండి అక్కా.

ఇంట్లోనే చేసుకోగలిగింది చెప్తాను. రంగులేని గాజు గిన్నెలో నీళ్ళు పోసి రాళ్ళు వేయండి, కింద నుంచో పక్క నుంచో ఫోన్ టార్చ్ కొట్టి పైనుంచి చూడండి. రంగు సమానంగానో, మధ్యలో తిన్నటి పట్టీలుగానో ఉంటే మంచి గుర్తు. రాయికి కోసిన ముఖాల అంచుల వెంట గీసినట్టు నీలం చిక్కగా ఉండి మధ్యలో పలచగా ఉంటే డిఫ్యూజన్ అని అనుమానించాలి. పగుళ్ళ వెంట సాలెగూడులా నీలి గీతలు కనిపిస్తే గాజు. పది రెట్లు పెద్దది చేసే లెన్స్ దొరికితే గుండ్రటి గాలి బుడగలు ఉన్నాయేమో చూడండి, ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు. రాళ్ళవాళ్ళ దగ్గర చెల్సీ ఫిల్టర్ అని ఆకుపచ్చగా ఉండే చిన్న అద్దం ఉంటుంది, కోబాల్ట్ గాజు దానిలోంచి చూస్తే ఎర్రగా కనిపిస్తుంది, మామూలు నీలం అలా కనిపించదు. ఇవన్నీ వద్దనడానికి పనికొస్తాయి కానీ ఇది మంచిదే అని తేల్చడానికి సరిపోవు, తేల్చేది ల్యాబే.

ఇంకొకటి, రాయిని పేపర్ మీద అక్షరాల పైన తలకిందులుగా కాకుండా మామూలుగా పెట్టి చూడండి. మధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే దాన్ని లోతు లేకుండా కోశారని అర్థం, నగలో పెట్టాక మధ్యలో వెలవెలబోతుంది. చవక రాళ్ళలో ఈ లోపం చాలా ఎక్కువ. ట్రీట్‌మెంట్ గురించి అందరూ అడుగుతారు, కోత గురించి ఎవరూ అడగరు.

హైదరాబాద్ కుర్రాడు

ఆంటీ, నాదో చిన్న సలహా. ల్యాబ్‌లో పెంచిన నీలం తీసుకోవచ్చు కదా? అది గాజు కాదు, అదే పదార్థం, అదే గట్టిదనం, ధర చాలా తక్కువ. మా చెల్లికి నేను అదే చేయించాను, మూడేళ్ళయింది, రోజూ పెట్టుకుంటుంది, ఒక్క గీత పడలేదు. ల్యాబ్‌దని చెప్పి అమ్మారు, బిల్లులో రాశారు, మేమూ అందరికీ అలాగే చెప్తాం.

జైపూర్‌లో రాళ్ళ పని (తెనాలి)

తమ్ముడి మాట తప్పు కాదు. వెర్నాయ్ అనే ఫ్రెంచి ఆయన మంటలో పొడి కరిగించి కెంపులు తయారుచేసే పద్ధతి 1902లో బయటపెట్టాడు, తర్వాత కొన్నేళ్ళకే నీలాలూ వచ్చాయి, అంటే వందేళ్ళు దాటిన పని. మన అమ్మమ్మల పాత నగల్లో కూడా అవి ఉన్నాయి, చాలామందికి తెలియదు. లెన్స్‌లో చూస్తే గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా వంపు తిరిగిన చారలు కనిపిస్తాయి, నేలలో పుట్టిన రాయిలో చారలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి. అక్కకి నేలలోంచి వచ్చిన రాయే కావాలా, రంగు చాలా అనేది అక్క మనసుని బట్టి. నాకు బాధ కలిగించేది, ల్యాబ్ రాయిని నేలరాయి అని చెప్పి అమ్మడం. పెద్ద రాయి, ఒక్క మచ్చ లేదు, చిక్కటి నీలం, ధర వేలల్లో కూడా లేదు అంటే నేను ముందు ఈ చారల కోసమే చూస్తాను.

బెజవాడ అమ్మ

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలో వేసి చూశాం, మా అమ్మాయే టార్చ్ పట్టుకుంది. లాకెట్ రాయిలో సాలెగూడు స్పష్టంగా కనిపించింది. మీరు చెప్పకపోతే అది రాయి సహజం అనుకునేదాన్ని. ఉంగరం రాయిలోనూ ఉంది. దిద్దుల రాళ్ళలో ఏమీ కనపడలేదు, నీళ్ళలా శుభ్రంగా ఉన్నాయి. రేపు మా మరిది స్నేహితుడికి లెన్స్ ఉందట, ఆయనకి చూపిస్తాను.

ఈలోపు ఇంకో సమస్య వచ్చింది. మా అత్తగారు నీలం మాట విని వద్దే వద్దంటున్నారు. నీలం అందరికీ పడదు, శని రాయి, నిశ్చితార్థానికి ఆడపిల్లకి పెట్టడమేంటి అని. జాతకానికి పెట్టుకునే నీలం కాల్చకూడదు అని కూడా ఎవరో అన్నారు. నాకు ఆవిడ మాట తీసేయాలని లేదు, పిల్ల మనసు కష్టపెట్టాలనీ లేదు. ఏం చేయమంటారు?

బందరు కంసాలి

అమ్మా, మా కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం మంది ఈ మాటే అంటారు. మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని, పీడకలలు రాకపోతేనే చేయించమని వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది వాళ్ళ నమ్మకం, నేను కాదనను. జాతకానికి కట్టుకునే రాయి సంగతి వేరు, దానికి కాల్చని రాయే కావాలంటారు, రాయి ఒంటికి తగలాలంటారు, వేలు, వారం అన్నీ ఉంటాయి. ముచ్చటకి పెట్టుకునే నగ వేరు. నవరత్నాల ఉంగరంలో నీలం లేకుండా ఉంటుందా? అది ఎవరూ వద్దనరు కదా. పెద్దావిడకి ఈ మాట నెమ్మదిగా చెప్పి చూడండి, లేదా మీ ఇంటి సిద్ధాంతిగారితో చెప్పించండి. ఆవిడ మనస్ఫూర్తిగా సరే అన్నాకే పని మొదలుపెట్టండి, ఒక్క వారం ఆలస్యమైనా నష్టం లేదు.

ఇక నగ గురించి నా ఆలోచన చెప్తాను. 40 వేలలో 14 క్యారెట్ల మంచి నీలాలు రావు, అది వదిలేయండి. మన ఇళ్ళల్లో ఏడు రాళ్ళ దిద్దులు ఎప్పటి నుంచో ఉన్నవే. అదే పువ్వు నీలాలతో చేయించండి, 3 మిల్లీమీటర్ల రాళ్ళతో. జతకి 14 రాళ్ళు, మొత్తం రెండు క్యారెట్లు అటూ ఇటూ అవుతాయి. లాకెట్ కూడా అదే పువ్వు, 4 మిల్లీమీటర్ల రాళ్ళు ఏడు. ఉంగరానికి ఒక్కటే 5 మిల్లీమీటర్ల గుండ్రటి రాయి. మొత్తం ఐదు క్యారెట్ల లోపు తేలుతుంది. చిన్న రాయికి క్యారెట్ ధర చాలా తగ్గుతుంది, కాబట్టి ఒట్టి కాల్చిన మంచి రాళ్ళే మీ డబ్బుకి వస్తాయి. పైగా ఒక రాయి పోయినా అలాంటిది మళ్ళీ దొరుకుతుంది, 5 క్యారెట్ల రాయి పగిలితే ఎక్కడ తెస్తాం?

తూకం దగ్గర జాగ్రత్త. ఐదు క్యారెట్లంటే ఒక గ్రాము. రాళ్ళ బరువు తీసేసి బంగారం బరువు విడిగా బిల్లులో రాయించుకోండి, లేకపోతే ఒక గ్రాము రాయికి బంగారం ధర కట్టినట్టే. హాల్‌మార్క్ ముద్ర బంగారం స్వచ్ఛతకే, రాయికి దానితో సంబంధం లేదు. హాల్‌మార్క్ ఉంది కాబట్టి రాయి కూడా మంచిదే అనుకుని మోసపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

సిడ్నీ నుంచి

అందరూ కాల్చడం గురించీ గాజు గురించీ చెప్పారు, నేను రంగు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేను అక్కడే పొరపాటు పడ్డాను. మేమిక్కడ 2018లో క్వీన్స్‌లాండ్‌లో రూబీవేల్ అనే చిన్న ఊరికి వెళ్ళాం. కంకర బకెట్ డబ్బిచ్చి కొనుక్కుని, కడిగి జల్లెడ పట్టుకుంటే దానిలో నీలాలు దొరుకుతాయి. మా పిల్లలు మట్టిలో కూర్చుని రోజంతా ఏరారు, ఆ రోజు మర్చిపోలేను. అక్కడే ఒక దుకాణంలో సాన పట్టిన చిక్కటి నీలం, కాల్చినదే, నిజాయితీగా చెప్పి ఇచ్చారు, తీసుకున్నాను. దుకాణంలో రాయి మీద పడే స్పాట్ లైట్‌లో నెమలి మెడలా ఉంది. ఇంటికొచ్చాక సాయంత్రం దీపాల వెలుతురులో నల్లటి బొత్తాంలా కనిపించింది. ఆస్ట్రేలియా నీలాల్లో ఇనుము ఎక్కువ, చాలావరకు ముదురుగా ఉంటాయి. మన దగ్గర బ్యాంకాక్ నీలం అని అమ్మేవాటిలో కూడా చాలా అలాంటివే చూశాను.

కాబట్టి రాయిని దుకాణం లైట్ల కింద కాకుండా బయట నీడలో, కిటికీ దగ్గర, మళ్ళీ ఇంట్లో మామూలు బల్బు కింద, మూడుచోట్లా చూడండి. మీకు నచ్చిన దానికంటే ఒక మెట్టు లేత రంగే తీసుకోండి. బంగారంలో కూర్చున్నాక రాయి ఇంకొంచెం ముదురుగానే కనిపిస్తుంది. మీ అమ్మాయి నిశ్చితార్థం సాయంత్రమైతే ఫోటోలన్నీ లైట్ల కిందే కదండీ, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

బెజవాడ అమ్మ

ఇవాళ్టి సంగతి చెప్తాను. లెన్స్ ఉన్నాయన చూశారు. లాకెట్ రాయిలో బుడగలు, ఉంగరం రాయి చెల్సీ ఫిల్టర్‌లో ఎర్రగా. దిద్దుల రాళ్ళలో ఆ వంపు చారలు నాకు కూడా చూపించారు, జైపూర్ తమ్ముడు చెప్పినట్టే గ్రామఫోన్ గీతలు. నాలుగింటిలో ఒక్కటి కూడా అతను చెప్పిన రాయి కాదు. తీసుకెళ్ళి ఇచ్చేశాను. చీటీ ఉంది కాబట్టి మాట్లాడకుండా 2 వేలూ ఇచ్చాడు. "నాకూ ఇలాగే చెప్పి ఇచ్చారమ్మా" అన్నాడు, ముఖం చూస్తే నిజమే చెప్తున్నాడనిపించింది. అతనికి కూడా ఆ గిన్నె పరీక్ష చేసి చూపించి వచ్చాను.

మా అత్తగారు ఒప్పుకున్నారు. నవరత్నాల మాట పని చేసింది, ఆవిడ చేతికి ఉన్నది అదే ఉంగరం! అయినా సిద్ధాంతిగారికి ఫోన్ చేసి అడిగారు, అలంకారానికైతే దోషం లేదన్నారట.

వన్‌టౌన్‌లో ఒక పాత రాళ్ళ వ్యాపారి దగ్గరికి వెళ్ళాం. నేను ముందే అడిగాను, కాల్చినవా, డిఫ్యూజనా, గాజా, ల్యాబ్‌వా అని. ఆయన కళ్ళజోడు తీసి నన్నోసారి చూసి, కాల్చినవేనమ్మా, ఇంకేం చేయలేదు, బిల్లు మీద రాసిస్తాను, ఎక్కడైనా పరీక్ష చేయించుకోండి, తేడా వస్తే డబ్బు వాపసు అన్నాడు. కిటికీ దగ్గర చూసి లేత రంగువి ఏరుకున్నాం, నేనూ మా అమ్మాయీ రెండు గంటలు కూర్చున్నాం. 22 రాళ్ళు, 37,500. బేరం ఎక్కువ ఆడలేదు, ఆయన ఓపిక చూసి మనసొప్పలేదు.

రెండు అనుమానాలు మిగిలాయి. ఒకటి, అన్నిటికీ ల్యాబ్ సర్టిఫికెట్ చేయించాలా? రెండు, వెనక మూసి చేయించాలా, తెరిచి ఉంచాలా? మా అమ్మ పాత దిద్దులకి వెనక మూసే ఉంది.

జైపూర్‌లో రాళ్ళ పని (తెనాలి)

చాలా సంతోషం అక్కా. 3 మిల్లీమీటర్ల రాళ్ళకి ఒక్కోదానికి సర్టిఫికెట్ అంటే రాయి కంటే కాగితం ఖర్చెక్కువ, అనవసరం. ఉంగరం రాయి ఒకటి, మిగతావాటిలోంచి మీ ఇష్టమొచ్చినవి రెండు తీసి పంపండి. ఏరి ఇమ్మని వ్యాపారిని అడగకండి, మీరే కళ్ళు మూసుకుని తీయండి. నివేదికలో నేచురల్ అనీ, హీటింగ్ గుర్తులున్నాయనీ ఉంటే మీకు కావలసింది అదే. ఒట్టిగా "నేచురల్ సఫైర్" అని రాసి ట్రీట్‌మెంట్ అనే చోట ఖాళీ వదిలేసిన కార్డు ఇస్తే మళ్ళీ అడగండి. పొదిగాక పరీక్ష సరిగ్గా కుదరదు, కాబట్టి ముందే చేయించండి.

బందరు కంసాలి

వెనక తెరిచే ఉంచండి అమ్మా. పాతకాలంలో కింద రేకు వేసి, మూసి పొదిగేవాళ్ళు, రంగు ఎత్తి చూపించడానికి. అది తీసి పెట్టుకుని దాచుకునే నగకి బాగానే ఉంటుంది. రోజూ పెట్టుకుంటే స్నానం నీళ్ళు, సబ్బు లోపలికి దిగి రేకు నల్లబడుతుంది, రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, జనం రాయిదే తప్పనుకుంటారు. తెరిచి ఉంటే వెలుతురు ఆడుతుంది, వెనక నుంచి మెత్తటి బ్రష్‌తో గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం షాంపూ పెట్టి కడుక్కోవచ్చు. మీవి గాజు లేని రాళ్ళు కాబట్టి కుంకుడు రసం పోసినా భయం లేదు. ఉంగరానికి మాత్రం రాయి చుట్టూ బంగారం అంచు వచ్చేలా చేయించండి, సన్నటి బంగారు కాళ్ళ మీద రాయి నిలబెట్టిన ఉంగరం ఓణీకీ, జుట్టుకీ తగులుకుని వదులవుతుంది.

3 మిల్లీమీటర్లవి ఒకటి రెండు ఎక్కువ తీసుకుని ఇంట్లో ఉంచుకోండి, అదే వ్యాపారి దగ్గర, అదే రంగులో, ఇప్పుడే. ఏడాది తర్వాత వెళ్తే ఆ రంగు దొరకదు. పనికి ఇచ్చేటప్పుడు 22 రాళ్ళూ మీ ఎదురుగా లెక్కపెట్టించి, తూకం వేయించి, కాగితం మీద రాయించి ఇవ్వండి. నాలాంటి కంసాలి అయినా సరే అలాగే ఇవ్వండి, మాకూ అదే మంచిది.